మన ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశారు? ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి?

అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకరు ఈ ప్రశ్న పంపారు. అమెరికాలో ఉంటున్న తన అక్క, అక్కడి ప్రతినిధుల సభ సభ్యుడు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో తేదీలవారీగా ఉన్న పట్టికను ఫోనులో చూపించిందట. మన లోక్‌సభ సభ్యుడి గురించి అలాగే వెతికితే హాజరు శాతం, అడిగిన ప్రశ్నల సంఖ్య తప్ప ఓట్ల ఊసే కనిపించలేదట. మన ఎంపీలకు ఓటింగు రికార్డు అంటూ ఒకటి ఉంటుందా, ఉంటే దాన్నిబట్టి వారి విధానాలను అంచనా వేయవచ్చా అని ఆయన అడుగుతున్నారు. కడపలో ఇరవై ఆరేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పి, ఏటా ఒక తరగతి చేత లోక్‌సభ చర్చల పూర్తి పాఠాలు చదివించిన అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

రికార్డు ఉంది. అయితే సభ తీసుకునే నిర్ణయాల్లో చాలా కొద్దివాటికే అది ఉంటుంది, ఉన్నచోట కూడా అది ఎక్కువగా పార్టీ నిర్ణయాన్నే చెబుతుంది తప్ప మనిషి మనసును చెప్పదు. మీ అక్క చూపించిన పట్టికకూ మన పరిస్థితికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే, హాజరైన సభ్యుల్లో అయిదో వంతు మంది కోరితే ఎవరెటు ఓటేశారో సభ జర్నల్‌లో నమోదు చేయాలని రాసి ఉంది. ప్రతినిధుల సభలో 1973 నుంచి ఎలక్ట్రానిక్ ఓటింగు నడుస్తోంది. పైగా అక్కడ పార్టీ మాట కాదని ఓటేసినందుకు సభ్యత్వం పోదు. కాబట్టి అక్కడి పట్టిక ఆ వ్యక్తి గురించి చాలా చెబుతుంది. అదే కళ్లద్దాలు పెట్టుకుని మన సభను చూస్తే పొరబడతాము.

మన సభలో ఓటు ఎలా జరుగుతుందో ముందు చూడాలి. చర్చ ముగిశాక స్పీకర్ ప్రతిపాదనను సభ ముందుంచి, అనుకూలురు అవుననాలనీ ప్రతికూలురు కాదనాలనీ కోరతారు. వినిపించిన గొంతులను బట్టి అవునన్న వారే ఎక్కువని తన అభిప్రాయం చెబుతారు. ఎవరూ ఆక్షేపించకపోతే బిల్లు నెగ్గినట్టే. పత్రికలు మూజువాణి ఓటు అని రాసేది దీన్నే. ఇందులో ఏ సభ్యుడి పేరూ ఎక్కడా నమోదు కాదు. స్పీకర్ చెప్పిన ఫలితాన్ని ఎవరైనా సవాలు చేసి డివిజన్ కోరితే, లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు గంట మోగించి, మీటలు నొక్కించి లేదా చీటీలు పంచి లెక్క తీస్తారు. ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు, పసుపు అంటే తటస్థం. పేర్ల జాబితా పుట్టేది అప్పుడే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. డివిజన్ అనవసరంగా కోరుతున్నారని స్పీకర్ భావిస్తే సభ్యులను తమ స్థానాల్లో నిలబడమని చెప్పి తలలు లెక్కించవచ్చునని 367వ నిబంధన చెబుతుంది. అలా లెక్కించినప్పుడు కూడా పేర్లు నమోదు కావు.

ఇది మనకు ఎంత నష్టం చేసిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మన బతుకులను తలకిందులు చేసిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ మూజువాణి ఓటే. అందుచేత రాష్ట్ర విభజనకు కర్నూలు ఎంపీ ఎటు ఓటేశారు, అనంతపురం ఎంపీ ఎటు ఓటేశారు అని ఈ రోజు ఎవరైనా అడిగితే, చూపించడానికి జాబితా లేదు. ఎవరెటు నిలబడ్డారో తెలుసుకోవాలంటే ఓటు వెలుపల జరిగిన పనులను చూడాలి. రాజంపేట సభ్యుడు సాయిప్రతాప్ సొంత ప్రభుత్వంపైనే అవిశ్వాస నోటీసు ఇచ్చిన కాంగ్రెస్ ఎంపీల్లో ఒకరు. ఆ కారణంగా ఫిబ్రవరి 11న పార్టీ బహిష్కరించిన ఆరుగురిలో ఆయన కూడా ఉన్నారు. ఈ విషయంలో ఆయన వైఖరికి అదే ఆధారం, ఏ ఓట్ల పట్టికా కాదు. పదకొండేళ్ల పాటు తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మలేనట్టు చూసేవారు. ఇంత పెద్ద నిర్ణయానికి పేర్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పేర్లు తప్పనిసరిగా దొరికే చోటు రాజ్యాంగ సవరణ. 368వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి గనుక లెక్క తీయక తప్పదు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించే బిల్లు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454 అనుకూల ఓట్లు, 2 వ్యతిరేక ఓట్లతో గట్టెక్కిందని మనకు అంత కచ్చితంగా తెలియడానికి కారణం అదే. మామూలు బిల్లుల్లో ప్రతిపక్షం పట్టుబట్టి డివిజన్ తీసుకున్న వాటికే జాబితాలుంటాయి. పట్టుబట్టినా అన్నిసార్లూ దక్కదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై డివిజన్ కావాలని ప్రతిపక్షాలు కేకలు వేసినా, గందరగోళం మధ్య మూజువాణి ఓటుతోనే అవి నెగ్గాయి. మరుసటి ఏడాది నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసినప్పుడు కూడా రెండు సభల్లోనూ మూజువాణి ఓటే. దేశమంతా రోడ్డెక్కిన వ్యవహారంలో, చట్టం చేసేటప్పుడు గానీ తీసేసేటప్పుడు గానీ మీ ఎంపీ గారి పేరు ఎటువైపూ లేదు.

జాబితా దొరికాక దాన్ని చదవడంలో కొంత జాగ్రత్త కావాలి. సన్సద్ డాట్ ఇన్ అనే పార్లమెంటు వెబ్‌సైటులో చర్చల పూర్తి పాఠాలు తేదీలవారీగా ఉంటాయి. డివిజన్ జరిగిన రోజున ఆ పాఠం మధ్యలోనే అవునన్న వారి పేర్లు, కాదన్న వారి పేర్లు, తటస్థుల పేర్లు వరుసగా వస్తాయి. పేరులోని చివరి మాట ముందుకు వచ్చేలా అక్షరక్రమంలో పెట్టడం అక్కడి పద్ధతి కాబట్టి మన ప్రాంతపు సభ్యులు చాలామంది ‘రెడ్డి’ కింద ఒక గుంపుగా కనిపిస్తారు. ఇనీషియల్స్ సరిచూసుకోకుండా గుర్తుపట్టవద్దు. స్పీకర్ ఫలితం ప్రకటించేటప్పుడు ‘సవరణకు లోబడి’ అని చెబుతారు. మీట పనిచేయక చీటీ ఇచ్చిన వారి పేర్లు కింద విడిగా వస్తాయి. ఆ చిన్న అక్షరాల భాగం చదవకుండా ఒక సభ్యుడు ఓటేయలేదని నిర్ధారించిన విద్యార్థులు నా దగ్గరే ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

అంతకన్నా ముఖ్యం, సభ దేని మీద ఓటేసిందో చూడడం. ఒకే బిల్లుపై ప్రవేశపెట్టే దశలో ఓటు ఉండవచ్చు, సెలెక్ట్ కమిటీకి పంపాలన్న సవరణపై ఉండవచ్చు, ఒక్కో క్లాజుపై ఉండవచ్చు, చివరి ఆమోదంపై ఉండవచ్చు. 2024 డిసెంబరు 17న లోక్‌సభకూ అసెంబ్లీలకూ ఒకేసారి ఎన్నికలు జరిపించే రాజ్యాంగ సవరణ బిల్లును ప్రవేశపెట్టడంపైనే డివిజన్ జరిగి 269 మంది అవునన్నారు, 198 మంది కాదన్నారు. బిల్లును సభ ముందుకు రానివ్వాలా వద్దా అన్నదే ఆ రోజు ప్రశ్న. ఆమోదానికి కావలసిన మూడింట రెండు వంతుల షరతు ఆ దశకు వర్తించదు. ఆ జాబితా చూసి ఫలానా ఎంపీ జమిలి ఎన్నికలను ఆమోదించారని రాస్తే తొందరపాటు అవుతుంది.

ఇక విప్ సంగతి, అంటే ఎటు ఓటేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పదిహేను రోజుల్లోగా పార్టీ దాన్ని మన్నించకపోతే ఆ సభ్యుడు అనర్హతకు గురవుతాడు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ నిబంధనను ప్రభుత్వం పడిపోయే ప్రమాదమున్న ఓట్ల వంటి కొన్నింటికే పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో సూచించాయి. ఆ సూచనలు అమలు కాలేదు. గాలివాటంగా పార్టీలు మారేవారిని ఆపడానికి వచ్చిన చట్టం, ఒక సాధారణ బిల్లుపై నియోజకవర్గం తరఫున వేరుగా నిలబడదలచుకున్న సభ్యుడి చేతులు కూడా కట్టేసిందన్నది నా అభిప్రాయం.

దీని ఫలితం మన ప్రాంతపు లెక్కల్లోనే కనిపిస్తుంది. 2019లో కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట స్థానాలు ఆరింటినీ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. ఆ అయిదేళ్లలో విప్ ఉన్న డివిజన్లలో ఆ ఆరుగురి ఓట్లను పక్కపక్కన పెట్టి ఎవరు ఎలాంటివారో తేల్చాలంటే కుదరదు, ఆరుగురికీ ఆదేశం ఒక్కటే కాబట్టి. 2024లో మొదటి నాలుగు స్థానాలు తెలుగుదేశానికీ, కడప, రాజంపేట వైఎస్సార్ కాంగ్రెస్‌కూ వచ్చాయి. వక్ఫ్ సవరణ బిల్లు 2025 ఏప్రిల్ 2న మొదలైన చర్చ అర్ధరాత్రి దాటాక 288–232 ఓట్లతో లోక్‌సభలో నెగ్గింది. దాన్ని తెలుగుదేశం సమర్థించింది, వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది. అనంతపురం వైపు ఎంపీలకూ కడప వైపు ఎంపీలకూ అక్కడ కనిపించే తేడా పార్టీల మధ్య తేడా. కాబట్టి ఇలాంటి ఓటును పార్టీ ఖాతాలో రాయండి. సభ్యుడి ఖాతాలో రాయవలసింది ఆయన సొంతంగా మాట్లాడిన మాట, తెచ్చిన సవరణ, పార్టీ గీత దాటిన సందర్భం.

పార్టీ పేరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్‌పై నంద్యాలలో గెలిచిన ఎస్పీవై రెడ్డి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే తెలుగుదేశంలో చేరారు. కర్నూలులో గెలిచిన బుట్టా రేణుక 2017లో అదే దారిన వెళ్లారు. అయినా ఇద్దరూ సభ్యులుగా కొనసాగారు. ఆ కాలపు జాబితాలో వారి పేరు ఎదుట ఏ పార్టీ కనబడితే ఆ పార్టీ వైఖరే వారిదనుకుంటే లెక్క తప్పుతుంది. గెలిచిన గుర్తు ఏది, ఓటేసిన రోజున ఉన్న పక్షం ఏది అన్న రెండు గడులూ మీ పట్టికలో విడివిడిగా ఉండాలి.

గైర్హాజరుకూ, వాకౌట్‌కూ, తటస్థంగా ఉండడానికీ అర్థాలు వేరు. వీటికి తోడు మన జిల్లాకు ఎదురైన ఒక నాలుగో పరిస్థితి ఉంది. 2018 జూలై 20న తెలుగుదేశం ఇచ్చిన అవిశ్వాస తీర్మానంపై లోక్‌సభలో ఓటింగు జరిగింది. అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు పడ్డాయి. ప్రత్యేక హోదా, విభజన హామీల పేరుతో నడిచిన ఆ రోజు ఓటింగులో కడప, రాజంపేట సభ్యుల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. అదే హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు అయిదుగురు ఏప్రిల్ 6న రాజీనామాలు ఇచ్చారు, జూన్‌లో అవి ఆమోదం పొందాయి. సభ గడువు ఏడాదికన్నా తక్కువే మిగిలిందని ఉప ఎన్నికలు పెట్టలేదు. కాబట్టి ఆ రెండు నియోజకవర్గాలకు చివరి నెలల్లో సభలో గొంతే లేదు. ఆ రాజీనామాలను హోదా కోసం చేసిన త్యాగమని కొందరు, ఓటు అవసరమైన రోజున సభలో లేకుండా పోవడమని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. పట్టిక తయారుచేసే మీరు మాత్రం అక్కడ ‘గైర్హాజరు’ అని రాయకూడదు, ‘స్థానం ఖాళీ’ అని రాసి కారణం పక్కన పెట్టాలి. దీనికి భిన్నంగా 2023 ఆగస్టు 10న వచ్చిన అవిశ్వాస తీర్మానం ప్రతిపక్షం వాకౌట్ చేయడంతో మూజువాణి ఓటుతో వీగిపోయింది. మూడు రోజుల చర్చ పాఠం ఉంది, ఓటు జాబితా లేదు.

ఓటుకూ బయట చెప్పిన మాటకూ మధ్య దూరం చూడడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరు 9న లోక్‌సభలో 311–80 ఓట్లతోనూ, 11న రాజ్యసభలో 125–105 ఓట్లతోనూ నెగ్గింది. మన రాష్ట్రంలోని రెండు ప్రధాన పార్టీలూ దాన్ని సమర్థించాయి. రెండు వారాలు తిరగకుండానే, డిసెంబరు 23న, జాతీయ పౌర పట్టికకు (ఎన్‌ఆర్‌సీ) రాష్ట్ర ప్రభుత్వం వ్యతిరేకమని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి కడపలోనే సభలో ప్రకటించారు. ఆ రోజు ఊళ్లో టీ అంగళ్ల దగ్గర జరిగిన వాదనలు నాకు బాగా గుర్తు. ఓటేసి మాట మార్చారని ఒకరు, చట్టం వేరు పట్టిక వేరు కాబట్టి వైరుధ్యం లేదని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ పరిశీలించవలసింది ఉంది. పౌరసత్వ సవరణ అనేది సభ ముందుకు వచ్చి ఓటు జరిగిన బిల్లు, పౌర పట్టికపై ఆ రోజు సభలో ఓటు లేదు. అయితే ఆ రెండింటినీ కలిపి చూసి భయపడిన జనం ఉన్నారు గనుక, ఆ సంబంధం గురించి మన ఎంపీలు చర్చలో ఏమన్నారో, అసలు ఏమైనా అన్నారో లేదో వెతకడం న్యాయం. మీ పట్టికలో ఓటు, సభలో మాట, సభ బయట మాట అని మూడు గడులు పెట్టుకుని, ప్రతిదానికీ తేదీ వేస్తే చాలు. వైరుధ్యం ఉందో లేదో చదివేవారే తేల్చుకుంటారు.

బడ్జెట్ ఓటు మరీ చిక్కు. రైతు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగింది దీని గురించే కాబట్టి కొంచెం నిలిచి చెబుతాను. 2023 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటకలోని అప్పర్ భద్ర ప్రాజెక్టుకు 5,300 కోట్ల రూపాయల సాయం ప్రకటించారు. తుంగ, భద్ర కలిసిన తర్వాతే తుంగభద్ర. భద్ర నీటిని పైనే ఎత్తిపోసుకుంటే హొసపేట దగ్గరి డ్యాముకు వచ్చేది తగ్గుతుందని, డ్యాము మీద ఆధారపడిన అనంతపురం హెచ్చెల్సీకి (ఎగువ కాలువ), కర్నూలు ఎల్లెల్సీకి (దిగువ కాలువ), సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడప దాకా పారే కేసీ కెనాల్‌కు దెబ్బ తగులుతుందని సీమ రైతుల ఆందోళన. మరి ఆ 5,300 కోట్లకు మన ఎంపీలు ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? ఆ మొత్తంపై విడిగా ఓటు అడగరు. అది చేరి ఉన్న శాఖ పద్దు మొత్తాన్ని ఓటుకు పెడతారు. అభ్యంతరం ఉన్న సభ్యుడు కోత తీర్మానం ఇవ్వవచ్చు గానీ అది నెగ్గితే ప్రభుత్వమే నైతికంగా కూలినట్టు లెక్క, అందుకని అవి నెగ్గడం అంటూ దాదాపు ఉండదు. ఆ ఏడాది అయితే పద్దులు చర్చకే నోచుకోలేదు. సభలో గొడవ మధ్య మార్చి 23న సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్ పద్దులన్నీ గిలెటిన్ పద్ధతిలో, అంటే చర్చ లేకుండానే ఒక్కసారిగా, మూజువాణి ఓటుతో ఆమోదం పొందాయి. మరుసటి రోజు ఆర్థిక బిల్లు కూడా అంతే. హెచ్చెల్సీ చివరి ఆయకట్టు రైతు తన ఎంపీ ఓటును అక్కడ వెతికితే దొరకదు. కానీ అదే ఎంపీ జలశక్తి మంత్రిత్వ శాఖను అప్పర్ భద్ర గురించి ప్రశ్న అడిగారా, జీరో అవర్‌లో లేచారా, 377వ నిబంధన కింద ప్రస్తావించారా అన్నది వెతికితే దొరుకుతుంది. అక్కడ విప్ బెడద లేదు. నోరు విప్పడానికి పార్టీ అనుమతి చట్టరీత్యా అవసరం లేని చోట మౌనంగా ఉన్నారంటే, దానికి విప్‌ను సాకుగా చూపడం కుదరదు.

ఇదే తరహాలో హామీకీ చట్టానికీ తేడా గుర్తుపెట్టుకోవాలి. ప్రత్యేక హోదా 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో ఉంది, విభజన చట్టంలో లేదు. కడప ఉక్కు కర్మాగారం చట్టంలోనే, పదమూడో షెడ్యూలులో ఉంది. అయితే అక్కడ రాసింది ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని మాత్రమే. ‘పరిశీలించాలి’ అన్న ఆ ఒక్క మాట మీద ఎన్ని ఏళ్లు గడిచాయో జమ్మలమడుగు వాళ్లకు చెప్పనక్కరలేదు. అందుకని ఉక్కుపై ఒక ఎంపీ వైఖరి తెలుసుకోవాలంటే, ‘కర్మాగారం వస్తుందా’ అని అడిగారా, లేక ‘పదమూడో షెడ్యూలు ప్రకారం ఇచ్చిన నివేదిక ఏమైంది, ఏ కారణంతో ఆగింది’ అని అడిగారా అన్నది చూడండి. మొదటి ప్రశ్నకు మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అని తప్పించుకోగలరు, రెండోదానికి తేదీలతో జవాబు చెప్పక తప్పదు. ప్రశ్న రాసిన తీరే సభ్యుడి శ్రద్ధను పట్టిస్తుంది.

అందుకే ప్రశ్నల సంఖ్య చూసి మురిసిపోవద్దంటాను. లోక్‌సభలో రోజుకు నోటితో జవాబు రావలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, రాతపూర్వక జవాబు ఇచ్చేవి 230 వరకు ఉంటాయి. ఏవి రావాలో లాటరీలో తేలుతుంది. ఒకే ప్రశ్నకు అనేకమంది పేర్లు కలిసి వచ్చేవీ చాలా ఉంటాయి. ఒక ఏడాది మా తరగతిలో ఒక సభ్యుడి ప్రశ్నలన్నీ విడదీసి చూస్తే, మన నీళ్లు, రైళ్లు, వేరుశనగ, కరవు సాయం గురించినవి ఒక చిన్న కట్ట అయ్యాయి, మిగిలినవి దేశంలో ఎక్కడి ఎంపీ అయినా అడగగలిగినవి. ఇక హాజరు శాతం అంటే పుస్తకంలో సంతకం చేసిన రోజులు మాత్రమే. మంత్రులు ఆ సంతకం చేయరు, ప్రశ్నలు కూడా అడగరు, జవాబులు చెప్పేది వారే కాబట్టి. కోట్ల జయసూర్యప్రకాశ్ రెడ్డి రైల్వే సహాయ మంత్రిగా ఉన్న కాలంలో కర్నూలుకు ప్రశ్నల గడి ఖాళీగా ఉంటే అది సోమరితనానికి గుర్తు కాదు. ఎంపీ నిధుల ఖర్చును కూడా ఈ పట్టికలో కలపవద్దు, అది వేరే లెక్క.

రహస్య ఓటు ఉన్నచోట రికార్డు వెతకడం వృథా. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీలు విప్ ఇవ్వడానికి వీల్లేదు, ఎవరు ఎటు వేశారో బయటకు రాదు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా ఉండి, ఆత్మప్రబోధం మేరకు ఓటేయండని ఇందిరాగాంధీ పిలుపునివ్వడంతో, రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. ఆయన పార్టీ వాళ్లలో ఎవరు అటు మళ్లారో చెప్పే జాబితా ఎక్కడా లేదు. బహిరంగ ఓటుకు కూడా దాని వెనుక కథ ఉండవచ్చు. నంద్యాల ఎంపీగా ఉన్న పి.వి.నరసింహారావు ప్రభుత్వం 1993 జూలై 28న అవిశ్వాసం నుంచి 265–251తో బయటపడింది. లంచం తీసుకుని సభలో ఓటేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉందని దానిపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న కొట్టివేసింది.

ఇప్పుడు మీరు చేయదగిన పని. అయిదేళ్లనూ ఒకేసారి పట్టుకోవద్దు. మీ జీవితానికి దగ్గరైన ఒక్క విషయం, ఉదాహరణకు తుంగభద్ర నీళ్లు, తీసుకోండి. మీ ఎంపీ పేరుతో ఆ మాట ఉన్న ప్రశ్నలను, ప్రసంగాలను వెబ్‌సైటులో వెతికి తేదీలు రాసుకోండి. ఆయన ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో చూసి, ఆ సంఘం నివేదికలకు అసమ్మతి పత్రం ఏమైనా జతచేశారేమో చూడండి. తర్వాత గత రెండేళ్లలో జరిగిన డివిజన్లు ఓ అయిదారు తీసి, ప్రతిదానికీ బిల్లు దశ, పార్టీ వైఖరి, సభ్యుడి ఓటు, అదే విషయంపై ఆయన సభలో అన్నమాట రాయండి. ఓపిక ఉంటే ఇది నాలుగు ఆదివారాల పని.

జాబితాలో మీ ఎంపీ పేరు ఎక్కడా కనిపించని రోజు తగిలితే, దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు ఆయన కార్యాలయానికి ఉత్తరం రాయండి. ‘ఫలానా తేదీ, ఫలానా బిల్లు, ఫలానా నంబరు డివిజన్‌లో మీ పేరు మూడు జాబితాల్లోనూ లేదు, కారణం తెలియజేయగలరు’ అని రెండు వాక్యాలు చాలు, వ్యాఖ్యానం అక్కరలేదు. మా విద్యార్థులు ఒకసారి అలా నలుగురు సభ్యులకు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ముగ్గురి నుంచి ఏమీ రాలేదు. ఒకరు మాత్రం ఆ వారమంతా తాను ఆసుపత్రిలో ఉన్నానని, సభ అనుమతితోనే సెలవు తీసుకున్నానని సంతకం చేసి జవాబు పంపారు. పిల్లలు పట్టికలో ‘గైర్హాజరు’ అన్న మాట కొట్టివేసి, ‘అనుమతితో సెలవు’ అని రాసి, ఉత్తరం నకలును వెనక జతచేశారు. మిగిలిన మూడు గడుల్లో ‘అడిగాము, జవాబు రాలేదు’ అని తేదీతో సహా ఉంచారు.